బావినీటితో ఇంటికి వెచ్చదనము

గుంటూరు సోదరి యొకరు మాకిట్లు వ్రాసినారు: "మా యమ్మాయి అమెరికాలో మిచిగాన్ రాష్ట్రమున పల్లెపట్టున కాపురమున్నది. ఇంటి బావినీటితోనే చలికాలమున ఇల్లు వెచ్చగాను, వేసవిలో చల్లగాను ఉంచు యంత్రమును పెట్టింపవలెనని అల్లుడు తొందరపడుచున్నాడు. త్రాగునీటికిని ఆ బావియే ఆధారము. అమ్మాయికి భయముగా నున్నది."

యంత్రము మాట బూటకము కాదు. మాఘమాసపు తెల్లవారుజామున చేదిన బావినీరు గోరువెచ్చగా తోచుట మనమందరము ఎరిగినదే. నీరు వేడెక్కలేదు, గాలి చల్లబడినది. మిచిగాన్ దక్షిణభాగమున, పైన మంచు పేరుకొని యున్నను, భూగర్భజలము ఏడాది పొడుగునను సుమారు 10 డిగ్రీల సెంటిగ్రేడున నుండును. ఆ నీటినుండి కొంత వేడిని లాగి, హెచ్చించి, యంత్రము ఇంటికి పంపును. వేసవిలో ఇంటి వేడిని నీటికి అప్పగించును. రిఫ్రిజిరేటరు తన లోపలి వేడిని వెలికి నెట్టుటయు ఈ పద్ధతియే. 1948లో ఆరిగన్ రాష్ట్రమున, పోర్ట్‌లాండ్ నగరపు ఈక్విటబుల్ భవనమునకు బావినీటితో ఇట్టి యేర్పాటే చేసిరి.

అయినను అమ్మాయి భయమును మేము త్రోసివేయజాలము. మూడు టన్నుల యంత్రమునకు నిమిషమునకు ఇంచుమించు 20 లీటర్ల నీరు కావలెను. పదిగంటలు నడచినచో 12,000 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెలతో కొలిచినచో 800 బిందెలు! అంతటి ఊట ఆ బావికి గలదా? వాడి విడిచిన నీరు ఎచటికి పోవును? కాలువలోనికి వదలినచో పని సులభమే గాని, మన బావియే కాదు, పొరుగువారి బావియు తగ్గవచ్చును. దూరముగా వేరొక బావి త్రవ్వించి, ఆ నీటిని తిరిగి భూమికే చేర్చుట మేలు. వ్యయము పెరుగును, అధికారుల అనుమతియు కావలసి యుండవచ్చును.

నీటి గుణము వేరొక చిక్కు. తెల్లబట్టలపై ఎర్రమరకలు వేయు ఇనుపనీరు, కాచినగిన్నెలో సున్నపుపెచ్చు కట్టు చవిటినీరు, ఈ యంత్రపు గొట్టములను పూడ్చివేయును. ఈ సంగతి యంత్రమమ్మువానికంటె ఆ ఇంట బట్టలుతుకు అమ్మాయికే ముందు తెలియును.

మండువేసవిలో బోరులెండు మన సీమలో ఇట్టిదానికి మేము సమ్మతింపము. మిచిగాన్ సంగతి వేరు. అయినను బావి ఊట లెక్క, నీటిపరీక్ష పత్రము, నీరు తిరిగిపోవు త్రోవ, ఈ మూడును కాగితముపై చూచువరకు అల్లునిచే సంతకము చేయింపవలదని అమ్మాయికి వ్రాయుడు.