పాతకార్ల బోల్టులు: కడుగుటయా, మార్చుటయా?

హైదరాబాదునందలి జూబిలీహిల్సు, ఫిలింనగరు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. 2018లో వెలువడిన 'మహానటి' వంటి గతకాలపు కథలకు పాతకార్లు కావలయును. అట్టి కార్లను బాగుచేయునపుడు పాతబోల్టు నొక్కదానినైనను మార్చరాదనుటయు, అన్నిటిని పారవేయవలెననుటయు నాకు సమ్మతములు కావు.

రైతు సోదరులారా! బండి పలకలకు గొట్టిన పాతమేకును ఎన్నేండ్లయినను ఉంచుదుము. కడచీల అరిగినచో సంతకు బోవకముందే మార్తుము. కారునందును అంతియే. రేకులను, దీపములను బిగించు బోల్టులను కిరసనాయిలులో రాత్రియంతయు నానవైచి, తీగకుంచెతో రుద్ది, నూనె రాచి మరల వాడవచ్చును. బ్రేకులు, స్టీరింగు, కమానుకట్టలు, చక్రములు వీని బోల్టులు తుప్పుచే సన్నగిల్లినచో కడిగి ఫలమేమి? పోయిన యినుము తిరిగి రాదు. ఆమ్లమున ముంచుట మరియు చెరుపు. గట్టియుక్కులోనికి హైడ్రోజను చొచ్చును. పైకి మెరయుచున్న బోల్టే బరువు పడగానే పెళుసై విరుగును. కెమెరాకు కారు కనబడిన చాలునందురు గాని, అందు గూర్చుండువారు బొమ్మలు గారు.

నాలుగణాలు మిగులునని నేనును ఒకమారు పంపుయింజను యొక్క అరిగిన బోల్టునే కడిగి బిగించితిని. నాట్ల కాలమున నది విరిగి, రెండుదినములు మడికి నీరు లేకపోయెను!

మార్చుటలోను మెలకువ వలయును. పాత ఇంగ్లీషుకార్లలో పెక్కింటికి 1841లో విట్వర్తు ఏర్పరచిన మరలుండును. వాని కోణము 55 డిగ్రీలు. నేటి మెట్రికు మర 60 డిగ్రీలు. పానాతో బలిమిని త్రిప్పినచో రెండును చెడును. తలపై 8.8 ముద్రగల బోల్టు 4.6 దానికి రెట్టింపు లాగుడు నోర్చును. ముద్ర చూడక కొనరాదు. తీసిన పాతబోల్టునకు చీటి గట్టి పెట్టెలో దాచినచో, దాని కొలత తరువాతి మేస్త్రీకి పనికివచ్చును.