డాక్టరు బాబు ఉన్నాడు, వైద్యమేదీ?

సుమతీ శతకకర్త నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసిన లక్షణాలను లెక్కపెడుతూ వైద్యుణ్ణి మరువలేదు. అప్పిచ్చేవాని సరసనే అతనికీ పీట వేసినాడు. నేటి మన పల్లెలలో వైద్యుడు అందుబాటులో ఉన్నా లేకపోయినా, ప్రతి సాయంకాలం ప్రతి యింటి సావడిలోనూ ఒక వైద్యుడు మాత్రం చాలాకాలం తప్పక దర్శనమిచ్చినాడు. ఆయన పేరు కార్తీక్. జనం పిలుచుకున్న పేరు 'డాక్టరు బాబు'. 2017 అక్టోబరులో స్టార్ మా టెలివిజనులో ఆరంభమై 2023 జనవరి వరకు సాగిన 'కార్తీకదీపం' ధారావాహికను గురించి సారస్వతానుబంధంలో సంపాదకీయమేమిటని సాహితీపరులు కనుబొమలు ముడివేయవచ్చు. కాని పదిహేను వందలకు పైబడిన భాగాలతో, అయిదేళ్ళకు మించి, తెలుగు కుటుంబాలను రోజుకు అరగంట చొప్పున కూర్చుండబెట్టిన కథను సాహిత్యం పట్టించుకోకపోతే ఆ లోపం కథది కాదు, సాహిత్యానిదే అవుతుంది.

ఈ ఆలోచనకు మూలం తరగతి గదిలో జరిగిన ఒక చిన్న సంఘటన. మా విద్యార్థులను ఒకమారు 'నాకు నచ్చిన పాత్ర' అన్న శీర్షికతో వ్యాసం వ్రాయమన్నాను. గిరీశమో, మధురవాణియో, పోనీ మాలపల్లి సంగదాసో వస్తారని ఆశపడినాను. సగానికి సగం కాగితాలలో డాక్టరు బాబూ, వంటలక్కా వచ్చి కూర్చున్నారు. నేను కోపగించుకోలేదు. "సరే, ఇన్నేళ్ళలో మీ డాక్టరు బాబు నయంచేసిన జబ్బు ఒక్కటి చెప్పండి" అన్నాను. తరగతి నిశ్శబ్దమైనది. దివిసీమ నుండి బస్సులో వచ్చే ఒక అమ్మాయి చివరి బల్లనుంచి లేచి, "మా అమ్మ నర్సండీ మాస్టారూ! ఆ సీరియల్లో నర్సులు తలుపు తీయడానికే వస్తారు" అన్నది. తక్కినవారు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ముప్పది యేళ్ళుగా అలంకారశాస్త్రం చెబుతున్న నేను చేయలేని విమర్శను ఆ పిల్ల ఒక్క వాక్యంలో చేసినది.

కథ తెలియనివారి కోసం టూకీగా చెప్పవలసి ఉన్నది. మలయాళంలో 'కరుతముత్తు' పేర వచ్చిన ధారావాహికకు ఇది తెలుగు రూపం. మేనిఛాయ నలుపు కావడంవల్ల చిన్నచూపుకు గురైన దీపను డాక్టరు కార్తీక్ వివాహమాడతాడు. అతణ్ణి ఆశించిన మోనిత, తానూ వైద్యురాలై ఉండి, అతనికి సంతానం కలిగే అవకాశం లేదని నమ్మిస్తుంది. దీప గర్భవతి కాగానే అతడు ఆమె శీలాన్ని శంకిస్తాడు. ఆమె ఇల్లు విడిచి, వంటలు చేసి బ్రతుకుతూ 'వంటలక్క' అవుతుంది. కవల ఆడపిల్లలలో ఒకతె తల్లివద్ద, మరొకతె తండ్రి ఇంట పెరుగుతారు. మేనిరంగును బట్టి మనిషిని తూచే మన జాడ్యాన్ని ఈ కథ ముట్టుకున్నది. కష్టించి బ్రతికే ఆడుదానికి గౌరవమిచ్చినది. కోట్లమంది దీపను తమ ఇంటి ఆడపడుచుగా భావించినారంటే అందుకు కారణం లేకపోలేదు. ఆ మేరకు దాని ఘనతను ఒప్పుకోవలసినదే.

అయితే ఈ కథకు ఇరుసు ఒక అబద్ధపు వైద్యనిర్ణయం. ఆ నిర్ణయాన్ని నమ్మినవాడు సామాన్యుడు కాడు, వైద్యుడు. మరొక పరీక్షాశాలకు వెళ్ళి మరొకమారు పరీక్ష చేయించుకొని ఉంటే ఈ కథ పదవనాడే ముగిసిపోయేది. వైద్యవిద్యార్థికి గురువులు మొదట నేర్పేది సందేహించడం. రోగి చెప్పినదానిని మళ్ళీ అడుగు, పరీక్షాఫలితాన్ని మళ్ళీ చూడు, నీ నిర్ణయాన్ని నీవే మళ్ళీ తరచుకో అంటారు. మన డాక్టరు బాబు వీటిలో వేటినీ సందేహించడు; భార్యను మాత్రం ఏళ్ళ తరబడి సందేహిస్తాడు. మెడలో స్టెతస్కోపు ఉన్నది గాని, దానితో రావలసిన బుద్ధి రాలేదు. ఔచిత్యమన్న మాటను మనం పాఠంగా చెబుతాము గదా! పాత్రకు వృత్తి ఇచ్చి, ఆ వృత్తికి సహజమైన వివేకాన్ని ఇవ్వకపోవడం అనౌచిత్యం కాక మరేమిటి?

ఇది నేటి దోషమే అనుకొనడం పొరపాటు. 1964లో అన్నపూర్ణా సంస్థవారు 'డాక్టర్ చక్రవర్తి' చిత్రాన్ని నిర్మించినారు. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' దానికి మూలం. ఆదుర్తి సుబ్బారావు దర్శకులు. నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావు గుడివాడ ప్రాంతపు పెయ్యేరువారు. కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ చేరువనున్న రామాపురం బిడ్డ. ఆయన పేర గుడివాడలో కళాశాల నేటికీ నడుస్తున్నది. రాష్ట్రప్రభుత్వం నంది బహుమతులను నెలకొల్పిన తొలి సంవత్సరంలోనే ఆ చిత్రం ఉత్తమ చిత్రంగా గౌరవం పొందినది. అందులోని డాక్టరు గతించిన చెల్లెలిని మిత్రుని భార్యలో చూసుకుంటాడు. చుట్టూ ఉన్నవారు ఆ ఆప్యాయతను శంకిస్తారు. అక్కడ వైద్యుడు శంకింపబడినాడు, ఇక్కడ వైద్యుడే శంకించినాడు. యాభై యేళ్ళకు పైగా గడిచినా మన తెరమీది ఆసుపత్రిలో ప్రధానరోగం అనుమానమే. చక్రవర్తి ఉదాత్తుడు కనుక మనకు ఆ లోటు తోచలేదు.

నా మాటకు ఇంకొక సాక్ష్యం కూడ ఉన్నది. 2024 మార్చిలో 'కార్తీకదీపం' రెండవ సీజను 'ఇది నవవసంతం' అన్న ఉపశీర్షికతో ప్రారంభమైనది. ప్రధాన నటీనటులు వారే, కథ వేరు. ఈసారి కార్తీక్ డాక్టరు కాడు. అయినా ప్రేక్షకులకు ఏదో పోయినదన్న బాధ కలుగలేదు. పాత్రనుంచి వృత్తిని తీసివేసినా కథకు లోటు రాలేదంటే, ఆ వృత్తి మొదటినుంచీ పైన కప్పిన తెల్లకోటు మాత్రమేనని తేలిపోయినది.

పశ్చిమదేశాలలో ఆసుపత్రి కథ ఒక ప్రత్యేక ప్రక్రియగా ఎదిగినది. అమెరికాలో 'జనరల్ హాస్పిటల్' 1963లో మొదలైనది. 2005లో మొదలైన 'గ్రేస్ అనాటమీ' ఇరవై సీజనులు దాటినది. అందులోనూ ప్రేమలు, కలహాలు, కన్నీళ్ళు కావలసినన్ని ఉన్నవి. కాని దాని పదునేడవ సీజను గమనింపదగినది. 2020 నవంబరు నుండి 2021 జూన్ వరకు, కోవిడ్ మహమ్మారి ప్రపంచాన్ని చుట్టుముట్టి ఉన్న రోజులలోనే, ఆ మహమ్మారినే కథావస్తువుగా తీసుకున్నారు. అన్నేళ్ళుగా అందరికీ శస్త్రచికిత్స చేసిన నాయిక మెరెడిత్ తానే కోవిడ్ రోగియై మంచం పట్టుతుంది. స్పృహలేని స్థితిలో ఒక సముద్రతీరాన, తనను విడిచిపోయినవారిని కలుసుకుంటుంది. మరొక వైద్యురాలు బెయిలీ, అదే వ్యాధితో తల్లిని పోగొట్టుకుంటుంది. ఆసుపత్రికి అధిపతి అయినదానికే తల్లిని దక్కించుకొనే శక్తి లేకపోయినది. కరుణరసానికి ఆలంబనం ఇక్కడ వ్యాధి, అపోహ కాదు. 2020 మార్చిలో చిత్రీకరణ నిలిచిపోయినప్పుడు, వేషాలకోసం ఉంచుకున్న గౌనులను, చేతితొడుగులను ఆ నిర్మాణబృందం నిజమైన వైద్యసిబ్బందికి ఇచ్చివేసినది. తెరమీది వస్త్రం అసలు పనికి వచ్చిన ఘట్టమది.

అట్లాగని పరదేశపు సరుకంతా మేలిమి బంగారమని నేననడం లేదు. 1996లో అమెరికా పరిశోధకులు టెలివిజను కార్యక్రమాల 97 భాగాలను పరిశీలించి ఒక సంగతి బయటపెట్టినారు. గుండె ఆగినవారికి రొమ్ముమీద అదిమి ఊపిరి పోసే చికిత్సలో, తెరమీద నూటికి 75 మంది అప్పటికి బ్రతుకుతున్నారు; 67 మంది క్షేమంగా ఇంటికి పోతున్నారు. వాస్తవంలో సంపన్నదేశాల ఆసుపత్రులలో సైతం ఆ విధంగా ఇల్లు చేరేవారు నూటికి పాతికమందిని మించడం అరుదు. 2018లో వెలువడిన మరొక పరిశీలన 'గ్రేస్ అనాటమీ'లోని ప్రమాదబాధితులను నిజమైనవారితో పోల్చినది. తెరమీద చనిపోయినవారు నూటికి 22, వాస్తవంలో 7. అంటే తెర తన అవసరాన్నిబట్టి ఒకచోట చావును దాచుతుంది, మరొకచోట చావును పెంచుతుంది.

ఈ అంకెల విలువ నాకు పుస్తకంవల్ల తెలియలేదు. కొన్నేళ్ళ క్రిందట మా బావగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినది. ఆసుపత్రికి చేర్చేసరికే నాడి అందలేదు. పాతికేళ్ళు దాటీ దాటని ఒక డాక్టరు ఆయన రొమ్ముమీద రెండు చేతులూ ఉంచి, చెమటలు కారుతుండగా చాలాసేపు అదిమినాడు. చివరకు చేతులు తీసి, తల వంచుకొని, "ఇక లాభం లేదండీ" అన్నాడు. మా బంధువులు ఆ కుర్రవానిమీద కేకలు వేసినారు. ఆ కేకలలో నా గొంతు కూడ ఉన్నది. "ఇంకొకసారి చేయండి, లేస్తాడు!" అన్నాను. లేస్తాడని నాకెవరు చెప్పినారు? ఏ వైద్యుడూ చెప్పలేదు. వందలసార్లు తెరమీద లేచినవారిని చూచిన కళ్ళు చెప్పినవి. నా శిష్యుల ఈడువాడు. అంతసేపూ ఒక అపరిచితుని ప్రాణంకోసం పెనగులాడినవాడు. మర్నాడు వెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాను. కర్మకాండల హడావుడిలో వెళ్ళలేదు. ఆ తర్వాత వెళ్ళడానికి మొగం చెల్లలేదు. కల్పిత కథ మనలను ఏమి చేస్తుందిలే అనేవారికి నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

మరి మనకు ఆసుపత్రి కథకు వస్తువు కరువా? బందరులో నిలబడి చుట్టూ చూస్తే చాలు. ఇక్కడ వైద్యం చేస్తూ ఉండిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్య, చక్కగా సాగుతున్న ప్రాక్టీసును విడిచి స్వాతంత్ర్యోద్యమంలోకి నడిచినారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఈ పట్టణంలోనూ పరిసరాలలోనూ సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకున్నది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేలమంది వరకు బలిగొన్నది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైనది కూడ ఆ సంవత్సరమే. తెలుగునాట టెలివిజనుకూ, దివిసీమ గాయానికీ ఒకటే వయస్సు. ఉప్పెన వెనుదిరిగిన తర్వాత బావులన్నీ ఉప్పుకషాయమై, పశువుల కళేబరాలు పొలాలలో తేలుతూ ఉన్నవేళ, మంచినీరు ఎట్లా, కలరా రాకుండా సూదులు ఎట్లా, బిడ్డలను పోగొట్టుకొని మాట పడిపోయిన తల్లికి ఏ మందు అన్నవే ప్రశ్నలు. ఆ రోజులు ఒక ధారావాహికకు ఎన్ని సీజనుల కథనిస్తాయి!

అంత వెనుకకు పోనక్కరలేదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెచ్చుపెరిగినవి. వరినాట్ల అదను, గట్లమీదా, గడ్డివాములలోనూ పాములు. వందమందికి పైగా కాటుకు గురి అయినారు. అవనిగడ్డ ఆసుపత్రి కిటకిటలాడినది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పయాగం జరిగినది. ఒకవైపు మంత్రం, ఒకవైపు గుర్రపు రక్తంనుండి తీసిన విషహరౌషధం. నడుమ కాలు వాచిన కూలిమనిషి, ఆయన భార్య, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు. భక్తిని కించపరచకుండా, వైద్యాన్ని వదలకుండా ఈ సన్నివేశాన్ని వ్రాయగల రచయితకు ఎంత పని ఉన్నది! కాటు వేసిన తర్వాత గంటలు ఎంత విలువైనవో, నాటువైద్యానికి తిప్పుతూ జాగుచేస్తే ఏమి జరుగుతుందో అటువంటి కథ ఒక్క సాయంకాలంలో లక్షలమందికి చెప్పగలదు. ఉపదేశం చేయనక్కరలేదు, ఉన్నదున్నట్లు చూపితే చాలును.

ప్రేక్షకులు కుటుంబకథనే కోరుతారని నిర్మాతలు అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని ఆసుపత్రి కుటుంబానికి వెలుపల ఉన్నదా? మన ఇండ్లలో అన్నదమ్ములు కలిసేదీ, విడిపోయేదీ, పొలం తాకట్టు పడేదీ, కూతురి పెండ్లి వాయిదా పడేదీ ఎవరికో జబ్బు చేసినప్పుడే గదా! ఆసుపత్రి వరండాలో చాపమీద పడుకున్న ఆ పదిమందిని చూపిస్తే అంతకు మించిన కుటుంబకథ ఏముంటుంది?

2023 సెప్టెంబరులో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. ఏటా 150 మందికి ప్రవేశం. ఈ సీమ పిల్లలు కొందరైనా అందులో చేరుతారు. తెల్లకోటు మోజుతో చేరేవారెవరో, దాని బరువు తెలిసి చేరేవారెవరో మనం చెప్పిన కథలమీద కూడ కొంత ఆధారపడి ఉంటుంది. అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లలు ధారావాహికలను చూడరాదని శాసించకండి, శాసించినా ఆగరు. చూచినదానిని తరగతిలోకి తీసుకొని రానివ్వండి. ఈ పాత్రకు ఈ వృత్తి ఎందుకు, ఈ రోగి నిజంగా బ్రతుకుతాడా, ఈ నర్సుకు పేరేది అని వారిచేతనే అడిగించండి. ఆ ప్రశ్నలే సాహిత్యవిమర్శకు ఓనమాలు.

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది. మీ యింట, మీ వీధిలో ఆసుపత్రిలో పనిచేసేవారుంటే ఒక సాయంకాలం వారి ప్రక్కన కూర్చొని, ఆ రాత్రి ఏమి జరిగినదని అడగండి. విన్నదానిని కల్పన చేర్చకుండా నాలుగు పుటలు వ్రాయండి. మా తరగతి అమ్మాయికి నేను ఆ పనే అప్పగించినాను. ఆమె తల్లి పనిచేసే వార్డునుగురించి వ్రాసి తెచ్చినది. అందులో డాక్టరు బాబు లేడు, మోనిత లేదు. జ్వరపు పట్టీ ఉన్నది, తెల్లవారుజామున కన్నుమూసిన ఒక ముసలమ్మ ఉన్నది, ఆమె చేతిని చివరివరకు పట్టుకొని కూర్చున్న నర్సు ఉన్నది. ఆ నర్సుకు ఒక పేరు కూడ ఉన్నది.