జీపు వెనక ఇనుము

అరకు మీదుగా ఇనుము రెండు వైపులా ప్రయాణిస్తుంది. బైలాడిల్లా కొండల్లో తవ్విన ముడి ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలు మార్గంలో సొరంగాలు దాటుకుంటూ కిందికి దిగుతుంది. 1960లలో ఈ మార్గం వేసిందే జపాన్‌కు ఖనిజం పంపడానికి. అద్దాల పెట్టెలో కూర్చుని లోయ చూసే పర్యాటకులు చాలా ఆలస్యంగా, 2017లో వచ్చారు. బైలాడిల్లా ఖనిజంలో కొంత విశాఖ ఉక్కు కర్మాగారంలో కరిగి యాంగిళ్లు, ఛానళ్లు, కడ్డీలు అవుతుంది. అలాంటి యాంగిళ్లే, ఏ కర్మాగారానివైనా కానివ్వండి, ఎస్.కోట ఘాట్‌రోడ్డు మీద లారీల్లో మళ్లీ పైకెక్కి, ఏజెన్సీ మండల కేంద్రాల్లో రోడ్డు పక్క వెల్డింగ్ షాపుల గోడలకు ఆనుకుని నిలబడతాయి. కొన్ని గేట్లవుతాయి, కొన్ని కిటికీ ఊచలవుతాయి. కొన్ని జీపు వెనక బంపర్లవుతాయి.

ముందు బంపరు గురించి దేశమంతా మాట్లాడుకుంది. కార్ల ముందు బిగించే ఇనుప గార్డులు తీయించండని 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ గార్డులు పాదచారులకు ప్రాణాంతకమనీ, బండి ముందుభాగం నలిగి దెబ్బను మింగాల్సిన చోట అడ్డుపడతాయనీ వాదన. వాదన సబబే. వెనక బంపరు మాత్రం ఎవరి దృష్టికీ రాలేదు. మన్యంలో అసలు కథ ఉన్నది అక్కడే.

మన్యం జీపంటే సాధారణంగా పాత మహీంద్రా కమాండరో, మేజరో. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి పర్యాటకులను తీసుకెళ్లేవీ, సంత రోజున మిరియాలు, పసుపు, పిప్పళ్లు, రాజ్మా, అడ్డాకుల కట్టలు, కోళ్లు, వాటితోపాటు మనుషులనూ మోసేవీ ఈ రకం బళ్లే. కంపెనీ ఇచ్చిన వెనక బంపరు వీటికి ఎక్కువకాలం నిలవదు. గెడ్డలో, అంటే కొండవాగులో, బండకు తగిలి వంగుతుంది, తుప్పు తినేస్తుంది, లేదా యజమానే విప్పించేసి తన అవసరానికి తగ్గది చేయించుకుంటాడు. ఆ అవసరాలు ఒకటి కాదు. లోపలికి ఎక్కడానికి మెట్టు కావాలి. బురదలో దిగబడితే తాడు కట్టడానికి కొక్కెం కావాలి. జాకీ పెట్టడానికి గట్టి చోటు కావాలి. ఇంకొకటి ఉంది, దాన్ని యజమాని పైకి చెప్పడు: లోపల చోటు చాలనప్పుడు నలుగురైదుగురు నిలబడడానికి పలక కావాలి.

చూడడానికి ఇది మోటు పని. చేసేవాడికి మాత్రం ప్రతి అంగుళం లెక్కే. గెడ్డలోకి దిగిన బండి గట్టెక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది, తోక కిందికి వాలుతుంది. వెనక చక్రం నేలను తాకే చోటు నుంచి బంపరు అడుగు అంచు దాకా గీత గీస్తే, ఆ గీత ఎంత నిటారుగా లేస్తే బండి అంత నిటారు గట్టును తోక తగలకుండా ఎక్కుతుంది. 2020లో వచ్చిన కొత్త మహీంద్రా థార్‌కు కంపెనీ చెప్పే ఈ కోణం 36.8 డిగ్రీలు. బంపరు నాలుగు అంగుళాలు కిందికి దిగినా, నాలుగు అంగుళాలు వెనక్కి పొడుచుకొచ్చినా అందులోంచి డిగ్రీలు పోతాయి. అందుకే పని తెలిసినవాడు అడుగు అంచును ఏటవాలుగా కోసి, రెండు మూలలనూ పైకి ఎత్తుతాడు. పని తెలియనివాడు పెట్టెలాంటి బంపరు బిగించి పంపిస్తాడు. అది మొదటి గెడ్డలోనే గట్టును దున్నుతుంది.

రెండోది బరువు. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప రేకు చదరపు మీటరుకు దాదాపు 31 కిలోలు తూగుతుంది. మందం పెంచితే గట్టిదనం వస్తుందన్నది సగం నిజమే. పెరిగిన ప్రతి కిలోనూ వెనక కమాను పట్టీలే మోయాలి. మందమైన రేకు కంటే సరైన చోట మడిచిన పలుచని రేకూ, మూలల్లో వేసిన చిన్న త్రికోణపు పలకలూ ఎక్కువ బలాన్నిస్తాయి. లోపల బోలుగా ఉంటే అడుగున ఒక రంధ్రం వదలాలి. లేకపోతే మన్యం వాన లోపలే నిలిచి, పైన రంగు మెరుస్తుండగానే ఇనుమును తినేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది బిగింపు. బంపరు బలమంతా అది ఛాసిస్‌ను పట్టుకున్న నాలుగు బోల్టుల దగ్గరే ఉంటుంది. బోల్టులకు బదులు తిన్నగా ఛాసిస్ మీదే వెల్డింగ్ పెట్టేయడం సులువు, చవక కూడా. కానీ వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న ఇనుము గుణం మారుతుంది. గతుకుల దారిలో ఏళ్ల తరబడి అదిరి అదిరి పగులు పుట్టేది ఆ పక్కనే. తాడు కొక్కెమూ అంతే. లాగే బలం ఛాసిస్‌కు చేరేలా కట్టకపోతే, దిగబడిన బండిని లాగుతున్నప్పుడు కొక్కెం ఊడి తుపాకీ గుండులా వస్తుంది. బంపరు ఎంత అందంగా కుదిరినా, వెనక దీపాలూ నంబరు పలకా దాని చాటున పడితే ఆ పని పాడైనట్టే. పొగమంచు దిగిన అరకు ఘాట్‌లో వెనకొచ్చే బండికి మన బండి ఆనవాలు ఆ రెండు ఎర్ర దీపాలే.

ఇక యజమాని పైకి చెప్పని ఆ అవసరం సంగతి. మనిషికి 60 కిలోల చొప్పున ఐదుగురు బంపరు మీద నిలబడ్డారనుకుందాం. 300 కిలోలు. వాళ్లు నిలబడ్డ చోటు వెనక ఇరుసుకు మూడడుగులు వెనక ఉందనీ, ముందు, వెనక ఇరుసుల మధ్య ఏడున్నర అడుగులుందనీ అనుకుంటే, ముందు చక్రాల మీదినుంచి 120 కిలోల బరువు లేచిపోతుంది. అది కూడా చదునైన నేల మీద. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు ఇంకా తేలికవుతాయి. స్టీరింగు చేతిలో వదులుగా తిరుగుతున్నట్టుంటుంది, మలుపులో బండి మాట వినదు. లోయలో పడ్డ జీపు వార్త చదివి డ్రైవరు నిర్లక్ష్యం అనేస్తాం. ఆ నిర్లక్ష్యంలో ఈ కూడికలు, తీసివేతలు ఎన్ని ఉంటాయో ఎవరూ లెక్కగట్టరు.

చట్టం స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బండి లోపల కాక బయట మనుషులను నిలబెట్టి తీసుకెళ్లడాన్ని 123వ సెక్షన్ నిషేధిస్తుంది. ఈ సెక్షన్లలో ఏ ఒక్కటీ అన్యాయమైనది కాదు. అయితే విశాఖ బీచ్‌రోడ్డులో మెరిసే థార్‌కు లక్ష ఖర్చుపెట్టి, పేరున్న దుకాణంలో బిగించుకున్న అలంకారపు బంపరునూ, వారపు సంతకు పోయే జీపు బంపరునూ చట్టం ఒకే తక్కెడలో తూస్తుంది. మొదటిది సరదా. రెండోది దారి సరిగా లేని చోట మనుషులు తమకు తాముగా వెతుక్కున్న ఉపాయం. రెండూ తప్పే కావచ్చు. ఆ రెండో తప్పులో మాత్రం ప్రభుత్వానికీ వాటా ఉంది.

ఈ కొండల్లో ఇనుప పని కొత్తగా వచ్చిందేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో కమ్మర పేరు ఉంది. కొండకమ్మర్లు తరాలుగా నాగలి కర్రులు, గొడ్డళ్లు, కత్తులు, బాణపు ములుకులు చేసిపెట్టారు. వాడేవాడి చేతిని చూసి, వాడి పొలం వాలు చూసి పనిముట్టు చేయడం వాళ్ల పద్ధతి. పట్నంలో ఇప్పుడు దీన్నే కస్టమ్ అని గొప్పగా చెప్పుకుని ఎక్కువ ధర కడుతున్నారు, అది వేరే సంగతి. కొలిమి తిత్తి పోయి వెల్డింగ్ మిషను వచ్చింది. గ్రైండరు వచ్చింది. కొలత మాత్రం ఇప్పటికీ కంటితోనే. ఆ కంటికి తోడుగా కాస్త చదువు అందితే బాగుంటుంది. పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తలచుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు. మన్యం దారులకు పనికొచ్చే వెనక మెట్టు, తాడు కొక్కెం, బిగింపులకు ఒక నమూనా గీయించి, దానికి రవాణా శాఖ చేత అనుమతి ముద్ర వేయించి, ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుంటున్న పిల్లల చేత చేయించవచ్చు. ఎక్కడానికి సరిపోయేంత వెడల్పే ఉండి, నిలబడడానికి చోటు లేని మెట్టు గీయడం ఇంజినీరుకు ఒక పూట పని.

దారులు మారుతున్న మాట కూడా నిజం. గర్భిణులను డోలీలో మోసుకొచ్చే వార్తలు ఇంకా ఆగలేదు గానీ, 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ పేరుతో గిరిజన గ్రామాల రోడ్లకు శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది ఆగస్టు 15న మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సే ఎక్కిరాని కొండ మీది మహిళకు ఆ ఉచితం ఏ లెక్కన అందుతుందో ఎవరూ చెప్పలేదు. జీపుకు డబ్బులిచ్చి, ఒక్కోసారి ఇనుప పలక మీద నిలబడి వచ్చేది ఆమె కుటుంబమే. రోడ్డు పడిన ఊరికి బస్సు రావడానికి మళ్లీ వేరే ఫైలు కదలాలి, వేరే సంతకాలు పడాలి. ఆ ఫైలు కదిలేదాకా, తనిఖీకి వచ్చిన అధికారి జీపు వెనక నిలబడ్డవాళ్లను దింపేటప్పుడు, వాళ్ల ఊరికి తర్వాతి బస్సు ఎన్ని గంటలకో కూడా చెప్పగలిగితే బాగుంటుంది.