తోక మీది అంకె

"యుద్ధమంటే గిట్టదంటావు, యుద్ధవిమానాలంటే మాత్రం ప్రాణం పెడతావు, ఇదేం వైరుధ్యమయ్యా?" అన్న ప్రశ్న విమానాభిమానులలో చాలామందికి ఏదో ఒకనాడు ఎదురయ్యేదే. నాకూ ఎదురయింది. ప్రయాణికుల విమానాన్ని చూసి ముచ్చటపడేవాణ్ణి ఎవరూ ఆక్షేపించరు. బాంబులు మోసిన విమానం నమూనాను బల్ల మీద అలంకరించుకున్నవాణ్ణి, రెండవ ప్రపంచయుద్ధం నాటి ఇంజను హోరును ఒక్కసారి చెవులారా వినడానికి ఊళ్ళు దాటి పోయేవాణ్ణి మాత్రం లోకం కాస్త వింతగా, కాస్త అనుమానంగా చూస్తుంది. ఆ అనుమానంలో అర్థం లేదని నేననను.

ఈ ప్రశ్నకు వాడుకలో రెండు జవాబులున్నాయి. మొదటిది విమర్శకులది: ఇది మారణాయుధాల ఆరాధన, ఎదిగీ ఎదగని మనసుల వీరపూజ. రెండవది అభిమానులది: యంత్రానికి పాపపుణ్యాలేమిటి, మేము చూసేది ఇంజనీర్ల ప్రతిభను మాత్రమే. నాకు రెండూ తృప్తినివ్వలేదు. మొదటి జవాబు మనిషికి సహజమైన విస్మయాన్ని నేరంగా లెక్కకడుతుంది. రెండవది కళ్ళెదుట ఉన్న వస్తువులో సగాన్ని కావాలనే చూడనంటుంది. ఈ మమకారం తప్పని నేననుకోను గాని, దాన్ని సగంలో ఆపేయడం తప్పనుకుంటాను. మిగతా సగాన్ని పూరించుకునే సాధనం కూడా అభిమానుల చేతిలోనే ఉంది. అది విమానం ఒంటి మీద, చాలాసార్లు తోక మీద, రాసి ఉండే అంకె.

ముందు ఆ ఆకర్షణ సంగతి చెప్పుకుందాం. 1936 మార్చి 5న ఇంగ్లండులో తొలిసారి ఎగిరిన స్పిట్‌ఫైర్‌ను తలచుకోండి. దాని రెక్కలు దీర్ఘవృత్తాకారంలో ఉంటాయి. విమానాల గురించి ఓనమాలు తెలియనివారు కూడా ఆ రెక్కల ఒంపును బొమ్మలో చూసి "ఎంత బాగుంది!" అంటారు. కానీ అది చూపరుల మెప్పు కోసం గీసిన ఒంపు కాదు. వేగం కోసం రెక్క పలుచగా ఉండాలి. ఆ పలుచటి రెక్కలోనే ఎనిమిది మరతుపాకులు, వాటి తూటాలు, ముడుచుకునే చక్రాలు ఇమడాలి. మొదలు నుంచి చాలా దూరం దాకా వెడల్పు తగ్గకుండా సాగి, కొసన మాత్రమే సన్నబడే ఆకారం ఆ అవసరాలను తీర్చింది. దాని రూపకర్త ఆర్.జె. మిచెల్ 1937లో, యుద్ధం మొదలు కాకముందే, 42 ఏళ్ళ వయసులో క్యాన్సరుతో మరణించాడు. తుపాకులకు చోటిస్తూ ఏర్పడిన ఒంపును చూసి మురిసిపోతూ, తుపాకుల ఊసు నాకెందుకనడం కుదరదు. అందమూ ఆయుధమూ అక్కడ ఒకే గీతలో ఉన్నాయి.

ఇక అభిమానుల అలవాట్లకు వద్దాం. వీరిలో విమానవీక్షకులనే ఒక తెగ ఉంది. విమానాశ్రయం కంచె బయట ఎండలో నిలబడి, దుర్భిణితో చూస్తూ, వచ్చేపోయే ప్రతి విమానం మీది అంకెనూ పుస్తకంలో రాసుకోవడం వీరికి పరమానందం. 2001 నవంబరులో గ్రీసులోని కలమాతాలో వైమానిక ప్రదర్శనకు వెళ్ళిన పన్నెండుమంది బ్రిటిషువారిని, ఇద్దరు డచ్చివారిని అక్కడి అధికారులు గూఢచారులని నిర్బంధించారు. సరదా కోసం అంకెలు రాసుకుంటామంటే ఎవరు నమ్ముతారు? 2002 ఏప్రిల్‌లో శిక్షలు కూడా పడ్డాయి. అదే ఏడాది నవంబరులో అప్పీలు మీద నిర్దోషులుగా బయటపడ్డారు.

వింటే నవ్వొస్తుంది గాని, ఆ అలవాటులో ఒక విలువైన దృష్టి ఉంది. 'మిగ్-21' అనేది ఒక జాతి పేరు. జాతికి వేగమూ బరువూ ఇంజను శక్తీ ఉంటాయి. పుట్టుక, బ్రతుకు, చావు అనేవి మాత్రం ఒక్కొక్క విమానానివి. ఫలానా అంకె గల విమానం ఫలానా కర్మాగారంలో పుట్టింది, ఫలానా స్క్వాడ్రన్‌లో తిరిగింది, ఫలానా నాడు ఫలానా పొలంలో కూలింది, లేదా ఫలానా ఊరి కూడలిలో దిమ్మె మీద నిలబడింది. ఇలా ఒక్కొక్క దాని జాతకాన్ని ఓపికగా రాసిపెట్టేది అభిమానులే.

ఆ ఓపిక ఒకసారి లోకానికి ఎంతో అక్కరకు వచ్చింది. 2001 తరువాతి సంవత్సరాలలో అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. తాను అనుమానించినవారిని పట్టుకుని, ఏ న్యాయస్థానానికీ చెప్పకుండా, రహస్య నిర్బంధాలకూ చిత్రహింసలకు పేరుపడిన దేశాలకూ తరలించింది. అందుకు వాడిన విమానాలు పైకి మామూలు ప్రైవేటు జెట్లు. వాటిలో ఎన్379పి అన్న అంకె గల గల్ఫ్‌స్ట్రీమ్ ఒకటి. అటువంటి విమానాలు ఎప్పుడు, ఏ విమానాశ్రయంలో కనిపించాయో వీక్షకుల ఫొటోలలో, చిట్టాలలో నమోదై ఉంది. పాత్రికేయులు వాటిని విమానాల రాకపోకల రికార్డులతో సరిపోల్చి దారులను పట్టుకున్నారు. ఐరోపా మండలి తరఫున డిక్ మార్టీ 2006లో సమర్పించిన నివేదికకు కూడా ఈ వీక్షకుల సమాచారం తోడ్పడింది. కంచె దగ్గర అంకెలు రాసుకునే మనిషి తనకు తెలియకుండానే సాక్షి అయ్యాడు.

ఈ సాక్ష్యగుణాన్నే మనం యుద్ధవిమానాల విషయంలోనూ నిలుపుకోవాలన్నది నా వాదం. మన మిగ్-21నే తీసుకోండి. 1963లో చండీగఢ్‌లో భారత వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరు 26న అదే చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ధ్వనివేగాన్ని మించి ఎగిరిన మన వాయుసేన తొలి విమానమది. 1971 డిసెంబరు 14న ఢాకాలోని గవర్నరు భవనం మీద దాడి చేసినవి ఈ విమానాలే. దాని వీడ్కోలు వేళ ఒక పక్క వీరగాథలు, మరొక పక్క 'ఎగిరే శవపేటిక' అన్న పాత నింద వినిపించాయి. మనసును కదిలించే శక్తి రెండింటికీ ఉంది. లెక్క అప్పగించే శక్తి రెండింటికీ లేదు.

లెక్క ఇలా ఉంది. 2012 మే నెలలో నాటి రక్షణమంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు తెలిపిన ప్రకారం, మిగ్ శ్రేణి అంతా కలిపి కొన్న 872 విమానాలలో సగానికి పైగా ప్రమాదాలలో పోయాయి. ఆ ఏడాది ఏప్రిల్ దాకా జరిగిన ప్రమాదాలు 482. మరణించిన పైలట్లు 171 మంది, పౌరులు 39 మంది, ఇతర సేవలవారు 8 మంది. ఇంతమంది చావుకు యంత్రమే కారణమా? మిగ్-21 నేలకు దిగేటప్పుడు కూడా గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. నెమ్మదిగా పోయే కిరణ్ వంటి శిక్షణ విమానాల మీద చేయి తిరిగిన కుర్రవాళ్ళు ఆ తరువాత దీని మీదికి ఎక్కవలసివచ్చేది. నడుమ మెట్టుగా ఒక ఆధునిక జెట్ శిక్షణ విమానం కావాలని 1982లోనే లాఫాంటేన్ కమిటీ సిఫారసు చేసింది. హాక్ విమానాలకు ఒప్పందం కుదిరింది 2004లో. అవి మన తెలంగాణ పొలిమేరలలోని బీదర్‌లో వాయుసేనకు అందింది 2008లో. సిఫారసుకూ విమానానికీ మధ్య 26 ఏళ్ళు!

'ఎగిరే శవపేటిక' అన్న మాట నాకు నచ్చకపోవడానికి కారణమిదే. అది దోషమంతా విమానం నెత్తిన పెట్టి, కదలని ఫైళ్ళను తప్పిస్తుంది. వీరగాథ కూడా ఆ ఫైళ్ళను తప్పిస్తుంది. 2001 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్ దగ్గర మిగ్-21 కూలి ఫ్లైట్ లెఫ్టినెంట్ అభిజిత్ గాడ్గిల్ మరణిస్తే, తప్పు పైలట్‌దేనన్న నిర్ధారణను ఆయన తల్లి కవితా గాడ్గిల్ ఒప్పుకోలేదు. కొడుకు పేరు మీది మచ్చ తుడవడానికి ఏళ్ళ తరబడి పోరాడారు. 2006లో వచ్చిన 'రంగ్ దే బసంతి' చిత్రకథకు మిగ్-21 ప్రమాదమే మలుపన్నది మీకు తెలిసిందే. మిగ్-21 ఇంజను గురించి గంటసేపు చెప్పగల అభిమాని ఈ తల్లి గురించి ఒక్క నిముషమైనా చెప్పలేకపోతే, ఆ విమానం అతనికి సగమే తెలిసినట్టు.

ఇది మనవాళ్ళను పోగొట్టుకున్న లెక్క కనుక ఒప్పుకోవడం కొంత సులువు. విమానం కింద ఉన్న అవతలివాళ్ళను లెక్కలో చేర్చడం దీనికంటే కష్టం. అమెరికాలో అది ఎంత కష్టమైందో ఎనోలా గే చెబుతుంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన బి-29 విమానమిది. క్రమసంఖ్య 44-86292. ఆ దాడికి యాభయ్యేళ్ళు నిండిన సందర్భంగా, 1995లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ విమాన, అంతరిక్ష మ్యూజియం దీనితో ఒక ప్రదర్శన తలపెట్టింది. బాంబు కింద కాలిపోయినవారి వస్తువులనూ, బాంబు అవసరమా కాదా అన్న చరిత్రకారుల వాదాలనూ అందులో చేర్చాలనుకుంది. మాజీ సైనికుల సంఘాలు, చట్టసభల సభ్యులు మండిపడ్డారు. ఆ ప్రదర్శనను రద్దుచేసి, విమానం ముందుభాగంతో సాదా ప్రదర్శన పెట్టారు. మ్యూజియం డైరెక్టరు మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు. 2003 డిసెంబరులో వర్జీనియాలోని కొత్త విమానశాలలో మొత్తం విమానాన్ని తళతళలాడేలా నిలబెట్టినప్పుడు, దాని పక్కన పెట్టిన పలకలో ఆ విమానపు సాంకేతిక ఘనత ఉంది గాని మృతుల సంఖ్య లేదు. హిరోషిమా నుంచి బ్రతికి బయటపడిన వృద్ధులు కొందరు వచ్చి నిరసన తెలిపారు.

ఆ ఏడాది చివరికి హిరోషిమాలో మరణించినవారు సుమారు 1,40,000 మందని అంచనా. ఆ నగరపు మ్యూజియంలో ఒక మూడుచక్రాల సైకిలు ఉంది. నాలుగేళ్ళు నిండని పిల్లవాడిది. తండ్రి దాన్ని కొడుకుతోపాటే పెరట్లో పాతిపెట్టాడు. 1985లో వెలికితీసి మ్యూజియానికి ఇచ్చాడు. బాంబు వేయడం సరైనదేనని నమ్మేవారితో నేనిక్కడ తగవుపడబోవడం లేదు. సరైనదని నమ్మేవారికైనా ఆ సంఖ్య చెప్పడానికి జంకెందుకన్నదే నా ప్రశ్న. బి-29లోని గాలిపీడనపు గదులనూ, దూరం నుంచి తిప్పే తుపాకులనూ వర్ణించి వర్ణించి చెప్పే అభిమానే, ఆ పలక మీద ఇంకొక్క వాక్యం కావాలని అందరికంటే ముందు అడగాలి. వాషింగ్టన్ పరిసరాలలో ఉండే మన తెలుగు కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకుని ఆ విమానశాలకు వెళితే, ఆ వాక్యం పెద్దలే చెప్పవచ్చు.

అంత దూరం వెళ్ళనక్కరలేదు, విశాఖపట్నం సముద్రతీరంలో మనకూ ఒక మహాకాయం ఉంది. 1988లో సోవియట్ యూనియన్ నుంచి మన నౌకాదళానికి వచ్చిన టీయూ-142 విమానాలు 2017 మార్చి దాకా జలాంతర్గాములను వెదుకుతూ హిందూ మహాసముద్రం మీద తిరిగాయి. వాటిలో ఒకటి అదే ఏడాది డిసెంబరు నుంచి బీచిరోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా మ్యూజియమై నిలిచింది. ఒక్కొక్క ఇంజనుకు రెండేసి పంకాలు, ఎదురెదురు దిశలలో తిరిగేవి. ఈ విమానం టీయూ-95 అనే బాంబర్ నుంచి పుట్టినది. 1961 అక్టోబరు 30న నోవయా జెమ్ల్యా ద్వీపాల మీద సోవియట్‌వారు పరీక్షించిన, మానవజాతి పేల్చిన అతిపెద్ద అణ్వాయుధాన్ని మోసింది ఆ టీయూ-95 వంశపుదే. విశాఖ పిల్లలు ఈ సంగతి తెలుసుకుంటే ఆ విమానం మీద ముచ్చట తగ్గదు, ఆలోచన పెరుగుతుంది. దానితోపాటే తెలుసుకోదగిన మరొక లెక్క ఉంది. 29 ఏళ్ళ సేవలో ఈ విమానాలు 30,000 గంటలు ఎగిరాయి, ఒక్క ప్రమాదమూ లేకుండా. ఆ సున్నా వెనుక పేరు తెలియని వందలాది సాంకేతిక సిబ్బంది చేతులున్నాయి. పూర్తి లెక్క అంటే నేరాల చిట్టా ఒక్కటే కాదు, మెప్పు ఎవరికి చెందాలో కూడా అదే చెబుతుంది.

కనుక తోటి విమానాభిమానులకు నా మనవి ఇంతే. మమకారాన్ని వదులుకోనక్కరలేదు, దాచుకోనక్కరలేదు. మీరు ఒక పాత యుద్ధవిమానం బొమ్మ చూపించి, దాని వేగమూ ఇంజనూ రెక్కల పొడవూ రాసేటప్పుడు, మరి రెండు పంక్తులు చేర్చండి: ఈ అంకె గల విమానం ఏమైంది, అందులో ఎవరున్నారు, దాని కింద ఎవరున్నారు. తెలిసినంత మేరకే రాయండి. అది మీ ఆనందాన్ని పాడుచేస్తుందని కొందరనవచ్చు. మనుషుల్ని తలచుకోగానే పాడయ్యే ఆనందం ఎంతపాటిదో మీరే ఆలోచించండి.

ఇంతకూ మీ ఊళ్ళో, కళాశాల ముందో కూడలిలోనో, దిమ్మె మీద నిలబెట్టిన విమానం ఏదైనా ఉందా? ఉంటే దాని తోక మీది అంకె ఏమిటి?