పనిముట్టు ధర కాదు, పోయిన పనిదినాలు లెక్కపెట్టండి



పోయిన భాగంలో లేబర్ అడ్డా మీద నిలబడే మనవాళ్ల కూలి రేట్ల గురించి రాశాను. ఈసారి ఆ కూలిని తెచ్చిపెట్టే సంచి గురించి.

మా చిన్నాయన హైదరాబాద్ శివార్లలో టైల్స్ మేస్త్రి. పోయిన ఏడాది ఒక అపార్ట్‌మెంట్ పనిలో, మెట్ల కింద గదిలో పెట్టి తాళం వేసిన ఆయన సంచి తెల్లారేసరికి లేదు. కటింగ్ మిషన్, డ్రిల్లింగ్ మిషన్, రసమట్టం, రబ్బరు సుత్తి, తాపీ, టేపు. అన్నీ పోయాయి. ఇద్దరం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. రాసుకునే ఆయన ఫిర్యాదు కంటే ముందు ఊరు అడిగాడు, తర్వాత "ఎవరు మీరు?" అన్నాడు. ఆ ప్రశ్న దేని గురించో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాతే సామాను విలువ అడిగాడు. కొన్నప్పుడు అన్నీ కలిపి 7 వేలు దాటాయి. బిల్లులు లేవు. "పాతవేగా" అని ఆయనే 4 వేలు వేసి, "5 వేల లోపు కేసు మేం దర్యాప్తు చెయ్యలేం, కోర్టుకి పోండి" అన్నాడు.

చిన్నాయనకి 9 రోజులు పని లేదు. రోజుకి 1,200 చొప్పున 10,800 రూపాయలు. ఆ తర్వాత రోజుకి 300 కిరాయికి మిషన్లు తెచ్చి పని మొదలుపెట్టాడు. అంటే దొంగ ఎత్తుకుపోయింది 4 వేలా?

స్టేషన్‌లో ఆయన చెప్పిన 5 వేల మాట గాల్లోంచి వచ్చింది కాదు. పాత ఐపీసీ 379 కింద దొంగతనం ఎంత చిన్నదైనా పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చెయ్యాల్సిందే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లో ఇది మారింది. భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద, పోయిన సొత్తు 5 వేల లోపు అయితే అది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యకూడదు. మొదటిసారి దోషిగా తేలినవాడు సొమ్ము తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ.

ఇందులో సగం నాకు ఇష్టమే. జైళ్లలో ఎవరుంటారో మనకి తెలుసు. ఆకలికి ఏదో ఎత్తుకున్న పిల్లాణ్ని ఏళ్ల తరబడి లోపల పెట్టడం నాకు వద్దు. కానీ శిక్ష తగ్గించడం వేరు, దర్యాప్తే మానేయడం వేరు. శిక్ష తగ్గితే దొంగకి దయ చూపినట్టు. దర్యాప్తు ఆగితే పోగొట్టుకున్నవాణ్ని గేటు బయట నిలబెట్టినట్టు. కూలి వదులుకుని మేజిస్ట్రేటు కోర్టు చుట్టూ తిరగగలిగే మేస్త్రి ఎవరున్నారు? చెప్పులు కుట్టే అన్న ఆరె, రంపె, కుట్టు సామాను మొత్తం అమ్మినా 5 వేలు రావు. ఆయన బతుకంతా ఆ గీత కిందే ఉంది.

పనిముట్టు మామూలు సొత్తు కాదని మన చట్టానికి తెలియదా? తెలుసు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి. అప్పు తీర్చలేదని కోర్టు డిక్రీ ఇచ్చినా, చేతిపనివాడి పనిముట్లు జప్తు చెయ్యకూడదు. అవి పోతే మనిషి మళ్లీ లేవలేడని ఆ చట్టం రాసినవాళ్లకి అర్థమైంది. అప్పులవాడి నుంచి కాపాడిన సంచిని దొంగ దగ్గరికి వచ్చేసరికి పాత సామాను ధరకి తూచడం ఏం న్యాయం?

ఇక రెండో సంగతి. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

మూడో రోజు సైటు దగ్గర చిత్తుకాగితాలు ఏరుకునే ఒక పిల్లాణ్ని వాచ్‌మన్, ఇంకో ఇద్దరు పట్టుకున్నారు. నేను వెళ్లేసరికే దెబ్బలు పడ్డాయి. గోనెసంచి దులిపితే నీళ్ల సీసాలు, వైరు ముక్కలు. అడ్డం పడింది చిన్నాయనే. "నా మిషన్ వాడు మోయగలడా? వదలండి" అన్నాడు. కానీ ఆ పిల్లాణ్ని చూడగానే నాక్కూడా అనుమానం వచ్చింది. ఏప్రిల్ 14న మైకు పట్టుకుని మాట్లాడే నాకు!

పుట్టుకని బట్టి దొంగ ముద్ర వెయ్యడం ఈ దేశంలో ఒకప్పుడు చట్టమే. 1871 నేరస్థ జాతుల చట్టం అదే చేసింది. బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం ఆ చట్టం నీడలో పెట్టిన సెటిల్‌మెంటు. అక్కడి ఎరుకల కుటుంబాల పిల్లలు చదివి ఉద్యోగాలు చేస్తున్నా, ఊరి పేరు చెబితే ఎదుటివాడి చూపు మారుతుంది. చట్టం 1952లో పోయింది, చూపు పోలేదు. ఆ చూపు అగ్రకులాల వీధిలోనే కాదు, సామాను పోయిన రోజు మన కళ్లల్లో కూడా ఉంటుంది. కాబట్టి దొంగల్ని ఆపే పద్ధతి ఏదైనా వస్తువు మీద గుర్తుతో మొదలవ్వాలి, మనిషి మీద అనుమానంతో కాదు.

అలా చెయ్యగలిగినవి ఇవి.

మిషన్ బాడీ మీద పేరు, ఫోన్ నంబరు చెక్కించండి. పెయింటుతో రాస్తే తుడిచేస్తారు. చెక్కిన నంబరున్న మిషన్ కొనడానికి పాత సామాను కొట్టువాడు వెనకాడతాడు. దొంగని ఆపేది తాళం కంటే ఎక్కువగా కొనేవాడు దొరక్కపోవడమే. తెలిసి దొంగ సొత్తు కొంటే న్యాయ సంహిత 317 కింద 3 ఏళ్ల దాకా జైలు. ఆ సెక్షన్‌లో 5 వేల గీత లేదు. ఈ మాట కొట్టువాళ్లకి మనమే వెళ్లి చెప్పాలి.

బిల్లుకి, మిషన్ మీదున్న సీరియల్ నంబరుకి ఫొటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపి ఉంచండి. బిల్లు ఉంటే విలువ మీరు చెబుతారు. లేకపోతే స్టేషన్‌లో వాళ్లు వేస్తారు.

ఫిర్యాదులో సామాను ఎక్కడి నుంచి పోయిందో తప్పకుండా రాయండి. మాకు ఆలస్యంగా తెలిసింది ఇదే. మనుషులు ఉండే, లేదా సామాను భద్రపరిచే కట్టడంలోంచి గానీ, సరుకులు, ప్రయాణికుల్ని మోసే బండిలోంచి గానీ పోతే అది 305 సెక్షన్. 7 ఏళ్ల దాకా శిక్ష, పోలీసులు నేరుగా దర్యాప్తు చెయ్యాలి, 5 వేల గీత లేదు. చిన్నాయన సంచి ఉన్నది తాళం వేసిన గదిలో. ఆ ఒక్క వాక్యం గట్టిగా రాసి ఉంటే "కోర్టుకి పోండి" అనడం అంత సులువయ్యేది కాదు. ఒకే రాత్రి నలుగురి సామాను పోతే నలుగురూ కలిసి, మొత్తం విలువ వేసి, ఒకే ఫిర్యాదు ఇవ్వండి.

అయితే జాగ్రత్త అంతా కూలివాడి మెడకే చుడితే అది ఇంకో మోసం. రోజూ 15 కిలోల సంచి మోసుకుని రెండు బస్సులు మారమనడం పరిష్కారం కాదు. కోట్లు పెట్టి కట్టే బిల్డర్ తాళం వేసే ఇనుప పెట్టె ఒకటి పెట్టలేడా? అక్కడ పోయినదానికి అతనే పూచీ పడాలి. నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ బోర్డులో వేస్తున్నారు. పనిముట్లు పోయిన కార్మికుడికి అందులోంచి వారంలో పరిహారం ఇవ్వాలని మనం ఎందుకు అడగడం లేదు? 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15 వేల దాకా ఇస్తామన్నారు. అందులో 18 వృత్తులున్నాయి. తాపీ మేస్త్రి ఉన్నాడు, చెప్పులు కుట్టే అన్న ఉన్నాడు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, పెయింటర్ లేరు. ఉన్నవాళ్లకి కూడా అది దొంగతనానికి పరిహారం కాదు.

ఫోన్ పోతే ఐఎంఈఐ నంబరుతో సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేయించొచ్చు. అంటే వస్తువుకి నంబరు, నంబరుకి రిజిస్టరు ఉంటే వెతకడం సాధ్యమే. మరి డ్రిల్లింగ్ మిషన్ మీద కూడా సీరియల్ నంబరు ఉందిగా! దానికి లేనిది రిజిస్టరే.

విద్యార్థి మిత్రులారా, ఆ రిజిస్టరు మీరు మొదలుపెట్టండి. చెక్కే చిన్న మిషన్ ఒకటి, నోట్‌బుక్ ఒకటి పట్టుకుని ఒక ఆదివారం పొద్దున 7 గంటలకి మీ దగ్గరి అడ్డాకి వెళ్లండి. పేరు చెక్కండి, నంబరు రాసుకోండి, 305 గురించి చెప్పండి. కులం మాత్రం అడక్కండి.

మొన్న దసరాకి ఆ బిల్డర్ ఆఫీసులో ఆయుధపూజ ఘనంగా చేశారు. కార్లకి, లిఫ్టు మోటారుకి బొట్లు, దండలు. కార్మికుల సామానుకి ఒక పెట్టె కావాలని చిన్నాయన మళ్లీ అడిగితే "చూద్దాం" అన్నారట. ఇంకా చూస్తూనే ఉన్నారు.

జై భీమ్.