అరుగు మీది అతిథి

ముక్కూ మొహం తెలియని బాటసారి పొద్దుగూకేవేళ వచ్చి, "ఈ రాత్రికి తలదాచుకుంటానండీ" అంటే మన పెద్దలు కాదనేవారు కారు. అరుగు చూపించేవారు; చెంబెడు మంచినీళ్లిచ్చేవారు. భోషాణం తాళంచెవి మాత్రం ఇల్లాలి రొంటినే ఉండేది. అందులో అవమానమేమీ లేదు, అది గృహస్థధర్మం.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ అరుగు సంగతి కంప్యూటరు విషయంలో గుర్తుకు రావటానికి కారణముంది. మీ ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే, వాళ్లు కోడ్‌చెఫ్ వంటి చోట్లకు లెక్కలు చేసి పంపటం చూసే ఉంటారు. 2009లో మన దేశంలోనే మొదలైందది. పిల్లలు పంపేది జవాబు కాదు సుమండీ, జవాబు రాబట్టే ప్రోగ్రాము. దాన్ని అక్కడి సర్వరు నడిపి చూసి, ఒప్పో తప్పో చెబుతుంది. అంటే, ఎవరో రాసిన ఆజ్ఞలను తు.చ. తప్పకుండా పాటించటానికి ఆ యంత్రం ముందే ఒప్పుకున్నదన్నమాట! ఆ ఆజ్ఞల్లో "తోటివాళ్ల జవాబులు చూపించు" అన్నదొకటి ఉంటే?

"ముందే చదివి, మంచిదైతేనే నడపవచ్చు గదా" అంటారేమో. ఏ ప్రోగ్రామునైనా సరే చూసి, అది ఎప్పటికైనా ఆగుతుందో ఆగదో తేల్చి చెప్పే పద్ధతి ఉండజాలదని అలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు. ఆగటమే తేలనప్పుడు మంచిచెడ్డలేం తేలుతాయి? కనుక అతిథి మనసు చదివే శ్రమ మాని, ఇంటి కట్టుదిట్టాలు చూసుకోవాలి.

మొదటిది కొలత. బలి చక్రవర్తి మూడడుగులిస్తానన్నాడు గాని, ఎవరి అడుగో అడగలేదు. సర్వరు అలా ఇవ్వరాదు. ఇన్ని సెకన్లు, ఇంత మెమరీ అని తన కొలతతోనే ఇవ్వాలి. తనవంటిదాన్నే మరొకదాన్ని పుట్టించే ప్రోగ్రాములున్నాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, 20 మార్లు రెట్టింపయ్యేసరికి పది లక్షలు దాటుతాయి! వాటి సంఖ్యకూ హద్దుండాలి. లినక్స్‌లో ఇటువంటి కొలతల కోసం సీగ్రూప్స్ అనే ఏర్పాటు 2008లో చేరింది.

రెండవది గడప. 2005లో లినక్స్‌లోకి వచ్చిన సెక్‌కాంప్, తొలిరూపంలో ప్రోగ్రాముకు నాలుగే అనుమతులిచ్చేది: తెరిచి ఇచ్చినవాటిని చదవటం, వాటిలో రాయటం, సంకేతం అందుకుని తిరిగి పనిలో పడటం, ముగించటం. అయిదోది అడిగిందా, అక్కడికక్కడే దాని ఆయువు చెల్లిపోయేది.

మూడవది, గోడకూ బీటలుంటాయన్న ఎరుక. 2018 జనవరిలో వెల్లడైన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు సాక్షాత్తు ప్రాసెసరులోనివే. తనది కాని మెమరీలోని రహస్యాలను ఒక ప్రోగ్రాము రాబట్టవచ్చునని అప్పుడు తేలింది. అందుకే గోడ వెనుక మరో గోడ కట్టాలి. మార్కులూ జవాబులూ వేరే యంత్రంలో దాచాలి. ఇంటర్నెట్ తలుపు మూసి ఉంచాలి. పని కాగానే ఆ గదిని ఆనవాలు లేకుండా చెరిపివేయాలి.

ఇదంతా యంత్రాల గొడవ, మనకెందుకనకండి. నేనెరిగిన ఒక కాలేజీలో మొదటి సంవత్సరం అమ్మాయి పంపిన ప్రోగ్రాము ఆగక, ల్యాబు సర్వరు స్తంభించిపోయింది. మళ్లీ మళ్లీ చేయించే చోట ఒక అంకె పెంచటం మరచిందంతే. నేర్చుకునేవాళ్లు రోజూ చేసే తప్పే అది. ఆ పిల్లచేత క్షమాపణ పత్రం రాయించి, తండ్రిచేత సంతకం పెట్టించారు. ఆ పత్రం రాయవలసింది ఆ పిల్లా, గడువు పెట్టని పెద్దలా? తప్పు చేయటానికి భయపడే పిల్లలు కొత్తది నేర్వటానికీ భయపడతారు. గోడలు గట్టిగా ఉన్నచోట ఆ భయం అక్కరలేదు.

మీ ఇంటికి అటువంటి శ్రీముఖం వస్తే, సంతకం పెట్టబోయే ముందు ఒక్కమాట అడగండి: "ప్రోగ్రాముకు ఎన్ని సెకన్ల గడువు పెట్టారండీ?"