ఒంటరి కార్మికుని పెన్షనుకు హక్కుదారులు లేరా?



బైలాడిలా కొండలలో యిరవై యేళ్ళు యినుపరాయి మోసిన ఒక కాంట్రాక్టు కార్మికుని ఊహించుకొనండి. వివాహం చేసుకోలేదు. తల్లిదండ్రులు గతించినారు. అన్న అకాలంగా మరణించగా వదినెను, ఆమె యిద్దరు బిడ్డలను తన కూలితో సాకినాడు. ఆయన పనిలో వుండగానే చనిపోతే, ఆ వదినె కాగితాలు పట్టుకొని ఆఫీసు గుమ్మం ఎక్కితే, ఆమెకు లభించే సమాధానం ఏమిటి? మృతునికి కుటుంబం లేదు, నామినేషను లేదు, కనుక పెన్షను లేదు. మూడు లేదులతో ఫైలు మూసివేయబడుతుంది. నిన్నటివరకు ఆ యింటిలో నలుగురు ఒకే కుండలోని అన్నం తిన్నారు. అది కుటుంబం కాదట!

ఇది ఏ గుమాస్తా దుర్మార్గమూ కాదు. రూలు అట్లా వ్రాయబడి వున్నది. 1971 మార్చి నుండి అమలులో వున్న కుటుంబ పెన్షను పథకం స్థానంలో 1995 నవంబరు 16 నుండి ఉద్యోగుల పెన్షను పథకం వచ్చినది. దాని ప్రకారం కుటుంబమంటే భార్య లేక భర్త, 25 యేళ్ళ లోపు బిడ్డలు. వీరెవరూ లేని సభ్యుడు తనకు యిష్టమైన ఒక వ్యక్తిని నామినీగా వ్రాయవచ్చును. ఆ నామినీకి వితంతు పెన్షనుతో సమానమైన పెన్షను ముట్టుతుంది. నామినీని వ్రాయకుండా చనిపోతే, ఆయనపై ఆధారపడిన తండ్రికి, తండ్రి లేకపోతే తల్లికి. వారు కూడా లేకపోతే? అక్కడ రూలు ఆగిపోతుంది. యిరవై యేళ్ళు జమ అయిన చందా నిధిలోనే వుండిపోతుంది.

ఆ చందా ఎవరిది? యజమాని చెల్లించే వాటా నుండి వేతనంలో 8.33 శాతం ఈ నిధికి పోతున్నది. 2014లో నిర్ణయించిన 15,000 రూపాయల వేతన పరిమితి మీద లెక్క కట్టితే అది నెలకు సుమారు 1,250 రూపాయలు. యజమాని చేతిమీదుగా పోయినంత మాత్రాన అది యజమాని సొమ్ము కాదు. కార్మికునికి చేతికివ్వకుండా వాయిదా వేసిన కూలి. పెన్షను దాత దయాధర్మం కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టే తీర్పు చెప్పినది. పెళ్ళికాని కార్మికుని దగ్గర చందా తక్కువగా పట్టుకొన్నారా? లేదే! వసూలు చేసేటప్పుడు అందరూ సమానులు, చెల్లించేటప్పుడు మాత్రం కుటుంబ నిర్వచనం అడ్డు వస్తుంది.

ఆ నిర్వచనమైనా ఒక్కటిగా వున్నదా? ప్రావిడెంటు ఫండు పథకంలో ఆధారపడిన తల్లిదండ్రులు కుటుంబ సభ్యులే. కనుక ముసలితల్లి వున్న బ్రహ్మచారి ఫండు నామినేషను ఆమె పేరనే వ్రాయాలి. అన్న బిడ్డల పేర వ్రాస్తే చెల్లదు. అదే మనిషి పెన్షను ఫారం ముందు కూర్చుంటే ఆయనకు కుటుంబమే లేదు! ఒకే మనిషి, ఒకే తల్లి, ఒకే ఆఫీసు. ఒక ఫారంలో గృహస్థుడు, మరొక ఫారంలో ఏకాకి. ఇంకొక విచిత్రం వినండి. పనిలో ప్రమాదం జరిగి చనిపోతే నష్టపరిహారం యిచ్చే 1923 నాటి చట్టం, ఆ కార్మికునిపై ఆధారపడిన మైనరు తమ్ముణ్ణి, పెళ్ళికాని చెల్లెలిని హక్కుదారులుగా గుర్తించినది. తెల్లదొరలు వ్రాసిన చట్టానికి కనిపించిన చెల్లెలు, స్వతంత్ర భారతంలో 1995లో వ్రాసిన పథకానికి కనిపించలేదు.

బస్తరులో ఈ లోపం ఎంత క్రూరమైనదో ఢిల్లీలో కూర్చున్నవారికి తెలియదు. 1968లో కిరండూల్ గనిలో ఉత్పత్తి మొదలైన నాటినుండి కొత్తవలస రైలుమార్గం ఖనిజాన్ని విశాఖ రేవుకు దించుతున్నది; పైకి కూలీలను మోస్తున్నది. ఊరిలో వృద్ధులను, తోబుట్టువులను వదలి వచ్చిన తెలుగు కూలీలు ఎందరో! 1978 ఏప్రిలులో అదే కిరండూల్‌లో, ఉద్యోగాలు పోగొట్టుకొన్న కాంట్రాక్టు కార్మికులపై తుపాకులు పేలినవి. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఎన్నో ఆదివాసీ గ్రామాలు ఖాళీ అయినవి. వేలాదిమంది సరిహద్దు దాటి ఆనాటి ఖమ్మం జిల్లా అడవులకు చేరినారు. ఇటువంటి నేలమీద అన్న బిడ్డలను తమ్ముడు పెంచడం, అక్క బిడ్డలను మేనమామ పెంచడం ఆశ్చర్యమా? ఆచారం ప్రకారం కలిసి కాపురం చేసి, ఏ రిజిస్టరులోనూ పేరు లేని భార్య సంగతి సరేసరి. ఆమె తాను వితంతువునని రుజువు చేసుకోవడానికే కాళ్ళరిగేలా తిరగాలి.

నామినీ లేకపోతే ఫండు సొమ్ముకైనా వారసత్వం వున్నది కదా అనవచ్చును. వున్నది, కోర్టులో! 1956 హిందూ వారసత్వ చట్టం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. గోండు కార్మికుని వారసులు తమ తెగ ఆచారమేమిటో కోర్టులో నిరూపించాలి. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబంలో ఆడబిడ్డ సంతానం తమ వాటా కోసం కింది కోర్టులన్నిటా ఓడిపోయి, 2025 జులైలో సుప్రీంకోర్టులో గాని గెలువలేదు. భూమికోసం అంత పోరాడగలిగినారు. ఫండు బాకీ కోసం ఎవరు పోరాడగలరు? వకీలు ఫీజుకే అది చాలదు. ఇక తెలుగు కూలీ విషయంలో హిందూ వారసత్వ చట్టం వర్తించినా, అన్న భార్య ఆ పట్టికలో ఎక్కడో అడుగున వున్నది. ఎన్నడూ తొంగి చూడని తోబుట్టువు బ్రతికివుంటే అన్న బిడ్డలకంటె ముందు వరుస ఆ తోబుట్టువుదే.

కుటుంబాన్ని విస్తరిస్తే నిధి దివాళా తీస్తుందని, దొంగ బంధువులు పుట్టుకొస్తారని అధికారులు అంటారు. వయోపరిమితి పెట్టండి! కన్నబిడ్డలకు 25 యేళ్ళ పరిమితి వున్నట్లే పెంచిన బిడ్డలకూ పెట్టండి. ఆధారపడినట్లు పంచాయతీ చేత, రేషను కార్డు చేత రుజువు తీసుకొనండి. 2014 సెప్టెంబరులో ఖరారు చేసిన కనీస పెన్షను నెలకు 1,000 రూపాయలు. ఈ వెయ్యి రూపాయలకోసం దొంగ వదినెలు బారులు తీరుతారని భయపడేవారు కనీసం ఆ మొత్తం ఎంత హీనమైనదో ఒప్పుకొన్నట్లే.

అయితే మన తప్పు కూడా చెప్పుకోవాలి. నామినీని వ్రాసే హక్కు యిప్పటికే వున్నది. దాన్ని ఎందరిచేత వాడించినాము? పనిలో చేరిననాడు కాంట్రాక్టరు గుమాస్తా నింపిన కాగితంమీద వేలిముద్ర వేసి మరచిన కార్మికుడు, తల్లి చనిపోయిన తరువాత కొత్త ఫారం వ్రాయాలని ఎవరు చెప్పినారు? పెళ్ళి అయిన మరుక్షణం పాత నామినేషను రద్దు అవుతుందని ఎవరు చెప్పినారు? ఇప్పుడంతా కంప్యూటరులో, ఆధారు, దానితో ముడిపడిన ఫోను నంబరు కావాలి. నంబరు మారిపోయినవాడు ఏం చేస్తాడు? బోనసు గేటు మీటింగులలో గంటలకొద్దీ ఉపన్యసించే మనం ఈ ఒక్క కాగితం గురించి పది నిమిషాలు మాట్లాడలేదు.

కావున బైలాడిలాలోను, నగర్‌నార్‌లోను వున్న శాఖలన్నీ ముందు ఈ పని చేయాలి. జీతాల రోజున గేటు దగ్గర బల్ల వేసి, హల్బీ, గోండి, తెలుగు తెలిసిన కార్యకర్తలను కూర్చోబెట్టాలి. ప్రతి ఒంటరి కార్మికుని, ప్రతి విధవరాలిని, బిడ్డలు పెద్దవారై 25 యేళ్ళు దాటిన ప్రతి విధురుని విడిగా పిలిచి, పెన్షనుకు ఒకటి, ఫండుకు ఒకటి, గ్రాట్యుటీకి ఒకటి, మూడు నామినేషనులు సరిచూడాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మళ్ళీ చూడాలి. ఏ కాంట్రాక్టరు దగ్గర ఎందరికి నామినేషను లేదో పట్టిక తయారుచేసి ప్రధాన యజమానికి, భవిష్యనిధి కమిషనరుకు అందజేసి రసీదు తీసుకోవాలి. దాని నకలు ఫెడరేషను కార్యాలయానికి పంపాలి. పెన్షను పథకంలో ఆధారపడిన తోబుట్టువులను, అన్నదమ్ముల వితంతువులను, పెంచిన బిడ్డలను చేర్చాలన్న మహజరుకు ఆ పట్టికలే జతచేయబడతాయి.